ఫైలిన్ చూసినవాళ్లకూ సుడిగాలి కొత్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కాలబైశాఖి (ఎండాకాలం సాయంత్రాల్లో వచ్చే ఉరుముల గాలివాన) రోజులు దగ్గరపడ్డాయి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ గాలి గురించే. ఇళ్ల పని, వైద్యం, సహాయ నిధుల వ్యవహారం తెలిసినవాళ్లం కలిసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఫైలిన్ తుఫాను చూశాం, తిత్లీ తుఫాను చూశాం. అమెరికాలో టోర్నడోలు వరసగా వచ్చి ఊళ్లకు ఊళ్లు పోయాయని టీవీలో చూపించారు. మన వైపు అలాంటివి వస్తాయా? తుఫానుకు చేసే ఏర్పాట్లు చాలవా? (బరంపురం)

జవాబు: వస్తాయి. 1998 మార్చి 24న ఒడిశా, బెంగాల్ సరిహద్దులో వచ్చిన సుడిగాలికి (టోర్నడోకు) వందమందికి పైగా చనిపోయారు. 2009 మార్చి 31న కేంద్రపడా జిల్లా రాజ్‌కనికలో ఇంకొకటి. 2021లో యాస్ తుఫాను తీరం దాటడానికి ముందురోజు బెంగాల్లోని హుగ్లీ జిల్లాలో కూడా ఒకటి పుట్టింది. అమెరికా సంగతి వేరు. అక్కడ ఒకే వాతావరణ వ్యవస్థలోంచి పదులు, వందలు పుట్టుకొస్తాయి. 2011 ఏప్రిల్ 25 నుంచి 28 దాకా 350కి పైగా వచ్చాయి, 300 మందికి పైగా పోయారు. మన దగ్గర ఒకటీ రెండూ వస్తాయి, కానీ ఆ ఒకటి మన వీధిలోంచి పోతే లెక్క అంతే.

తుఫాను అలవాటే ఇక్కడ దెబ్బతీస్తుంది. ఫైలిన్‌కు రోజుల ముందే కబురుంది, లక్షలమందిని షెల్టర్లకు తరలించారు. సుడిగాలికి ఉండేది నిమిషాలు. షెల్టరుకు బయల్దేరితే దారిలోనే దొరికిపోతారు. వాతావరణ శాఖ మూడు గంటలకోసారి ఇచ్చే నౌకాస్టులో (రాబోయే కొద్ది గంటల సూచనలో) ఉరుములు, ఈదురుగాలి, వడగళ్లు అనే రాస్తారు, టోర్నడో అని సాధారణంగా రాయరు. అందులో ఆరెంజ్, రెడ్ హెచ్చరిక రంగు కనిపించిన సాయంత్రం దూరప్రయాణం పెట్టుకోవద్దు. నల్లమబ్బు అడుగు నుంచి తొండం దిగడం, నేలమీద దుమ్మూ ఆకులూ గుండ్రంగా తిరగడం, ఆగకుండా గూడ్సు బండి పోతున్నట్టు మోత: వీటిలో ఏది గమనించినా లోపలికి వెళ్లిపోవాలి. తొండం పక్కకు జరగకుండా ఉన్నచోటే లావవుతున్నట్టు కనిపిస్తే అది మీవైపే వస్తోందని అర్థం. ఫోన్‌లో తీద్దామని అరుగుమీద నిలబడేవాళ్లకు ఇంతకంటే చెప్పేదేం లేదు.

ప్రశ్న: మాది మట్టిగోడల రేకుల ఇల్లు. ఎక్కడ దాక్కోవాలి? కిటికీలు తెరిస్తే ఇల్లు పేలిపోదంటారు, నిజమేనా? (గుణుపురం)

జవాబు: కిటికీల మాట నమ్మొద్దు. లోపలికి దూరిన గాలి కప్పును కింద నుంచి తోస్తుంది, పైన వీచేది లాగుతుంది. రెండూ కలిస్తే కప్పు లేస్తుంది. మూసెయ్యండి, వాటికి దూరంగా ఉండండి.

మట్టిగోడ కప్పు బరువుతోనే నిలబడుతుంది. కప్పు పోయిందంటే గోడ మీదపడుతుంది. కాబట్టి ఇప్పుడే వీధిలో శ్లాబు ఇల్లు ఒకటి చూసుకుని, ఆ ఇంటివాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. అది రెండు మూడు నిమిషాల్లో చేరేంత దగ్గరుండాలి. అందులోనూ బాత్రూములాంటి చిన్న గది, లేదా మెట్ల కింది భాగం మంచిది. బయటి గోడకు ఆనుకోకుండా ముడుచుకుని కూర్చుని, తలమీద పరుపో బొంతో కప్పుకోవాలి. బండి హెల్మెట్ ఉంటే పిల్లలకు ముందు పెట్టండి. సుడిగాలిలో చంపేది ఎక్కువగా ఎగిరొచ్చే వస్తువులే, అవి తలకు తగలడమే. 2011లో అమెరికాలోని అలబామా దెబ్బతిన్నాక అక్కడి వైద్య పరిశోధకులు కూడా హెల్మెట్ మాటే చెప్పారు.

పొలంలో చిక్కుకుంటే చెట్టు కిందికీ, తాటాకు పాకలోకీ పోవద్దు. నీళ్లు లేని పల్లంలో బోర్లా పడుకుని చేతులతో మెడ కప్పుకోండి. ఆటోలో ఉంటే దిగిపోండి.

ప్రశ్న: రేకులు ఎగరకుండా మా వీధిలో అందరూ రాళ్లు, లారీ టైర్లు పెడతారు. సరిపోతుందా? (పర్లాకిమిడి)

జవాబు: రాయి రేకును ఆపదు. రేకు లేచినప్పుడు ఆ రాయే జారి కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది. ముందు వాటిని దించేయండి.

గాలి గట్టిగా లాగేది కప్పు మధ్యలో కాదు, చూరు, నడికొప్పు, మూలల దగ్గర. అందుకే మధ్యలో రేకు గట్టు వదిలి గట్టుకు బిగించినా, అంచుల వరసల్లో ప్రతి గట్టుకూ హుక్కు పడాలి. 8 మిల్లీమీటర్ల జే (J) ఆకారపు హుక్కు వాడండి. బెజ్జం రేకు గట్టుమీదే వెయ్యాలి, పల్లంలో వేస్తే నీరు కారుతుంది. సిమెంటు రేకైతే బెజ్జం హుక్కు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దదుండాలి, లేకపోతే ఎండకు సాగినప్పుడు పగులుతుంది. ఇనుప వాషరు కింద తారు వాషరు తప్పనిసరి. నట్టు మరీ బిగించొద్దు. పగుళ్లు అక్కడ మొదలైతే గాలికి రేకు హుక్కును అక్కడే వదిలేసి పోతుంది. చూరు గోడ దాటి అడుగున్నర మించకూడదు. వసారాకు వేరే కప్పు వేసుకోండి, పోతే అదొక్కటే పోతుంది.

ఎక్కువ ఇళ్లలో తప్పు ఇంకా కింద ఉంటుంది. రేకు తన కింది అడ్డ పైపుకు గట్టిగానే ఉంటుంది, పైపు మాత్రం గోడమీద ఊరికే ఆనించి ఉంటుంది. కప్పంతా ఒక్క ముక్కగా లేచిపోయిన ఇళ్లు ఇలాంటివే. ప్రతి పైపు చివరా 12 మిల్లీమీటర్ల కడ్డీతో గోడలోకి కనీసం మూడడుగులు దిగాలి, ఆ కడ్డీ చుట్టూ కాంక్రీటు పొయ్యాలి. గోడమీది రెండు ఇటుకల్లో గుచ్చితే ఆ రెండు ఇటుకలతో సహా లేస్తుంది. మేస్త్రీ "ఇంత అవసరమా" అంటాడు. అనుకోనివ్వండి. సుడిగాలి మరీ పెద్దదైతే ఈ పనులేవీ నిలవవు, కానీ చాలావరకు వచ్చేవి బలహీనమైనవే, ఏటా వచ్చే ఈదురుగాలికీ ఇదే పని పనికొస్తుంది.

విరిగిన పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే హానికరమైన నార ఉంటుంది. నీళ్లు చల్లి తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని ఎత్తండి. పొడిగా ఊడ్చొద్దు, రంపంతో కొయ్యొద్దు.

ప్రశ్న: గోడ కింద మనిషి చిక్కుకుంటే వెంటనే లాగెయ్యాలా? (రాయగడ)

జవాబు: ముందు కరెంటు చూడండి. తెగిన తీగకు పది మీటర్ల దూరంలో ఆగి కరెంటువాళ్ల నంబరు 1912కు చెప్పండి. సరఫరా లేదని ముట్టుకోవద్దు. ఎవరింట్లోనో జనరేటరు వేస్తే తీగలోకి వెనక్కి కరెంటు రావచ్చు. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గియ్యొద్దు, స్విచ్ ముట్టొద్దు.

చెయ్యో కాలో బరువు కింద నలిగి పావుగంట లోపే అయితే బరువు తీసెయ్యండి. పావుగంట దాటితే 108కు చెప్పి, వాళ్లు వచ్చేదాకా ధైర్యం చెబుతూ పక్కనే ఉండండి. నలిగిన కండరంలో చేరిన పొటాషియం బరువు తీయగానే ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండెను ఆపగలదు. అందుకే లాగినప్పుడు బాగానే మాట్లాడిన మనిషి కాసేపటికి పోతాడు. నిప్పంటుకున్నా, మిగతా గోడ కూలేలా ఉన్నా మాత్రం ఆలోచించొద్దు, తీసెయ్యండి.

మర్నాటి నుంచి ఎక్కువగా వచ్చేవి మేకు గాయాలు. శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో బాగా కడిగి ఆరోగ్య కేంద్రంలో ధనుర్వాతం టీకా వేయించుకోండి. లోతుగా గుచ్చుకున్నది మీరు పీకొద్దు.

ప్రశ్న: బావిలో చెత్త, ఆకులు పడ్డాయి. బ్లీచింగ్ ఎంత కలపాలి? (ఛత్రపురం)

జవాబు: వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు రెండున్నర గ్రాములు. బావి వ్యాసాన్ని వ్యాసంతో, తర్వాత నీటి లోతుతో (మీటర్లలో) గుణించి, దాన్ని 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరున్న బావిలో 9,420 లీటర్లు, అంటే 24 గ్రాములు. చెత్త తీశాక పౌడరును బకెట్లో కలిపి పది నిమిషాలు తేరనివ్వండి. పైతేట బావిలో పోసి బాగా కలియదిప్పండి, అడుగున మిగిలిన సున్నం వద్దు. గంట ఆగాకే తోడుకోవాలి. మూత తెరిచి నెలలుగా మూలపడ్డ పౌడరులో సత్తువ ఉండదు.

ప్రశ్న: సుడిగాలికి పరిహారం రాదని ఒకాయన అన్నారు. ఇల్లు పోయింది, ఆవు కూడా చచ్చిపోయింది. (గజపతి జిల్లా)

జవాబు: కేంద్రం విపత్తుల జాబితాలో టోర్నడో పేరు లేదు. ఆయన అది చూసి ఉంటారు. ఒడిశా ప్రభుత్వం మాత్రం సుడిగాలి, టోర్నడోలను రాష్ట్ర విపత్తులుగా ప్రకటించింది, అర్జీ తహసీల్దారుకు పెట్టుకోండి. 2022-26 నిబంధనల ప్రకారం మరణానికి 4 లక్షలు, పాడి ఆవుకు 37,500 రూపాయలు. ఇల్లు కొంతే దెబ్బతింటే నష్టం కనీసం 15 శాతం ఉండాలి. పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000 ఇస్తారు. ఇది చాలదని మాకూ తెలుసు.

టార్పాలిన్ కప్పకముందే నాలుగు మూలల నుంచి ఫొటోలు తీయండి. అర్జీలో పేరు పట్టాలో ఒడియాలో ఎలా ఉందో అలాగే రాయండి, తెలుగు ఇంటిపేరు ముందూ వెనకా అయితే ఫైలు తిరిగి వస్తుంది. ఆవును పాతిపెట్టకముందు పశువైద్యుడి సర్టిఫికెట్టు తీసుకోండి. చెవికున్న పన్నెండంకెల ట్యాగు కనిపించేలా ఫొటో తీసి, ట్యాగు కోసి దాచండి. గొయ్యి ఆరడుగుల లోతుండాలి, బావికి వీలైనంత దూరంగా తవ్వండి.