తారల జబ్బు వార్త చదివి కంగారుపడుతున్న నీకు

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. ఎవరో నటి తనకు రొమ్ము క్యాన్సర్ అని చెప్పిన దగ్గర్నుంచి నీకు నిద్ర పట్టడం లేదన్నావు. జన్యు పరీక్ష చేయించుకోవాలా అని అడిగావు. ముప్పై ఏళ్లు క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, నాకు తెలిసింది చెప్తాను.

ఆమె బయటపెట్టడం మంచిపనే. 1991లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ తనకు హెచ్‌ఐవీ ఉందని అందరి ముందూ చెప్పేదాకా, అది తమ దాకా రాని జబ్బని ఎంతోమంది అనుకునేవారు. 2022లో సమంత చెప్పాకే మనలో చాలామంది మయోసైటిస్ (కండరాలు వాచి బలహీనపడే జబ్బు) అన్న మాట విన్నాం. జబ్బుకు పేరు పెట్టి మాట్లాడగలిగితే సిగ్గు సగం పోతుంది. అది నేను కళ్లారా చూశాను. ఒకావిడ ఫోన్‌లో ఓ నటి వీడియో చూపించి అదే జన్యు టెస్ట్ కావాలని పట్టుబట్టింది. కూర్చోబెట్టి మాట్లాడితే పైట కొంగు గట్టిగా పట్టుకుని, ఆర్నెల్ల నుంచి గడ్డ ఉందని మెల్లగా చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఆమెకు ముందు కావాల్సింది ఆ టెస్ట్ కాదు, మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. కానీ ఆ వీడియో లేకపోతే అసలు వచ్చేదే కాదు.

2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ క్యాన్సర్ రాకముందే జాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకున్నానని రాసినప్పుడు కూడా పరీక్షల కోసం జనం ఎగబడ్డారు. ఆమెకు బీఆర్‌సీఏ1 అనే జన్యువులో రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెంచే లోపం ఉంది, తల్లి 56 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయింది. ఆ నిర్ణయం ఆమె కుటుంబ చరిత్రను బట్టి తీసుకున్నది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే.

అందుకని నువ్వు ముందు ఒక కాగితం తీసుకో. ఇంట్లో ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో రాయి. నాన్న వైపు కూడా రాయాలి, అలాంటి జన్యు లోపం తండ్రి నుంచీ వస్తుంది. చాలామంది అది మర్చిపోతారు. ఆ కాగితం డాక్టర్‌కి చూపించు, టెస్ట్ అవసరమో కాదో ఆయన చెప్తారు. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కనిపించినా మాత్రం కాగితం కోసం ఆగకు.

ఇంకొకటి. మీ పక్కింటావిడ కీమోలో ఉందన్నావు కదా, ఆమెతో "ఆ నటి చూడండి, ఎంత ధైర్యంగా ఉందో" అనకమ్మా. నీరసంతో లేవలేని మనిషికి ఆ మాట మెచ్చుకోలుగా వినపడదు. "ఏమైనా తిన్నారా?" అని అడుగు, చాలు.

మా అమ్మ వైపు సంగతులు ఆదివారం ఫోన్‌లో నేను చెప్తాను. మీ నాన్న వైపువి మీ మేనత్తనడుగు.

నీ పెద్దమ్మ