15 నెలలకీ నడక రాలేదా? మా వాడి సంగతి చెబుతా

"15 నెలలు నిండాయి, పాప ఇంకా నడవట్లేదు, అత్త, తాత తప్ప మాటలు లేవు, పక్కింటి బాబు 11 నెలలకే నడిచేశాడు" అని రాశారు. రెండేళ్ళ కిందట నా టెన్షన్ అచ్చం ఇదే.

మా వాడు అసలు పాకనే లేదు. ఒక కాలు మడిచి, చేత్తో నేలను తోసుకుంటూ పిర్రల మీద హాలంతా దేకేవాడు. అలా దేకే పిల్లలకి నడక కాస్త ఆలస్యంగా వస్తుందని అప్పుడు నాకు తెలియదు. మా అత్తగారు రోజూ నువ్వుల నూనెతో కాళ్ళు రుద్దేవారు. మా అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా "వాకర్ కొనవే" అని పోరు. కొన్నాను, అదే తప్పయింది. వాకర్‌తో నడక తొందరగా రాదు సరికదా, దెబ్బలు తగులుతున్నాయని కెనడాలో 2004లోనే నిషేధించారు. మాది అటకెక్కింది.

పిల్లల డాక్టరు నడక గురించి అడిగింది ఒక్కటే: ఏదైనా పట్టుకుని లేచి నిలబడుతున్నాడా? మిగతావన్నీ వేరే ప్రశ్నలు. పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా, కావలసింది వేలితో చూపిస్తాడా, "బంతి ఇవ్వు" అంటే ఇస్తాడా అని. మా వాడు బాల్కనీ గ్రిల్ మీది కాకిని వేలితో చూపించి, నేనూ చూశానో లేదో అని నా మొహం వంక చూసేవాడు. అది చెప్పగానే ఆవిడ నవ్వేశారు, మాటలకి ముందు రావలసింది ఇదేనట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోనూ సొంతంగా నడవడానికి 8 నుంచి దాదాపు 18 నెలల దాకా గడువుంది.

పదహారున్నర నెలలప్పుడు ఒక సాయంత్రం రెండు చేతుల్లో రెండు జంతికలు పెట్టాను. రోజూ తోసుకుంటూ తిరిగే ప్లాస్టిక్ స్టూలు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, జంతిక వదలబుద్ధి కాలేదు. అలాగే నాలుగడుగులు వేసి దబ్బున కూలబడ్డాడు. మర్నాడే అత్తగారు అరిసెల పాకం పట్టారు.

మీ పాప అత్త, తాత అంటోందిగా, ఈ వయసుకి అవి మాటలే. కానీ 18 నెలలకీ నడక రాకపోయినా, కాళ్ళు బిగుసుకున్నట్టున్నా, పిలిస్తే పలకకపోయినా ఆగకండి. వచ్చిన మాటలు పోతే అసలు ఆగొద్దు. చెవి పరీక్ష కూడా అడగండి. ఖర్చు ఇబ్బందైతే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల ఇబ్బందుల్ని ముందే గుర్తించి చూసే ప్రభుత్వ కేంద్రం) ఎక్కడని కనుక్కోండి, అక్కడ ఉచితం. 16 నెలలు దాటాక ఎలాగూ బూస్టర్ టీకా ఉంటుంది, ఆ రోజే ఇవన్నీ అడిగేయొచ్చు.

ఇంతకీ పాప వేలితో చూపిస్తోందా?