నాలుగో రోజుకే వాణ్ణి పరిగెత్తించకు

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ, ఆ వెన్ను టీబీ పిల్లాడిది, రెండుసార్లు చదివాను. మొదలు బాగుంది. కింద పడ్డ చింతపిక్క కోసం పిల్లాడు వంగకుండా, వీపు కర్రలా పెట్టి, తొడ మీద చెయ్యి ఆనించుకుని మెల్లగా గొంతుకూర్చోవడం చూసినవాడే రాయగలడు. వెన్నుపూసకి టీబీ పడితే పిల్లలు అలాగే చేస్తారు. అది ముట్టుకోకు.

చిక్కంతా బరంపురం ఆసుపత్రి దగ్గరే. మొండి టీబీ అన్నావు, అంటే టీబీకి ముఖ్యంగా వాడే మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచెయ్యని రకం, సరే, ఆ సంగతి ఎలా తెలిసింది? వెన్ను పక్కన పట్టిన చీము సూదితో తీసి పరీక్షకి పంపిన ముక్క ఎక్కడా లేదు. నేరుగా స్టెరాయిడ్ ఇచ్చారు, నాలుగో రోజుకి పరుగు!

స్టెరాయిడ్ క్రిమిని చంపదయ్యా, వాపుని అణుస్తుంది. మెదడు పొరలకి టీబీ వస్తే అది ప్రాణాలు నిలబెడుతుందని తేలింది గానీ వెన్నుపూసకి అందరికీ ఇచ్చేది కాదు, వెన్నుపాము వాచి నొక్కుకుపోతున్నప్పుడో, మందులు మొదలెట్టాక వాపు తగ్గాల్సింది పోయి పెరిగినప్పుడో డాక్టర్లు ఆలోచిస్తారు, అదీ ఆ క్రిమికి పనిచేసే మందులు పక్కనే నడుస్తుంటేనే. అవి లేకుండా ఇస్తే జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మొహం గుండ్రంగా నిండుతుంది, మనవడు ఒళ్లు చేశాడని అమ్మమ్మ దిష్టి తీస్తుంది. లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. ఆ దిష్టి తీసే సీను రాయి.

నీ వయసులో నేనూ ఒక కథలో ఇలాగే ఒక పిల్లని ఏదో బిళ్లతో లేపి నడిపించాను. చదివిన ఒకాయన ఆ బిళ్ల పేరు చెప్పమని మా అరుగు మీద గంటసేపు కూర్చున్నాడు. కథేనండీ అంటే వినడే. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొండి టీబీ మందులు మింగే తర్వాతి నెలలు రెండు లైన్లలో దాటేశావు. క్లోఫజిమిన్‌తో ఒళ్లు నల్లబడితే తల్లి శనగపిండి పెట్టి రుద్దదా? లినెజోలిడ్‌తో పాదాలు తిమ్మిరెక్కితే అది మందు వల్లో, జబ్బు ముదిరో ఆవిడకెలా తెలుస్తుంది, ఆ తిమ్మిరిని ఒడియా నర్సుకి ఏ మాటతో చెప్పుకుంది? మన పర్లాకిమిడిలో గిడుగు రామ్మూర్తి పంతులుగారు కొండల్లో ఉండే సవరల కోసం సవర భాషే నేర్చుకున్నారు, నువ్వు నాలుగు ఒడియా మాటలు కనుక్కోలేవా! ఇంకోటి, స్టెరాయిడ్ ఒక్కసారిగా మానకూడదు, మెట్టుమెట్టుగా దించాలి. కూలి పోయిన వారం ఆ బిళ్లల కోసం తండ్రి ఏం చేశాడో చూడు.

ఆదివారం వస్తే ఆ కాగితాలు పట్టుకురా, ఆసుపత్రి పేజీలు మాత్రమే.

మీ అన్న