టెక్ సందేహాలు: రాయిని ఉన్నదున్నట్టు తెర మీద చూపాలంటే

చేత్తో సానబట్టిన రత్నాలను ఆన్‌లైన్‌లో అమ్మే పాఠకులు అడిగిన సందేహాలను ఈసారి ఒకచోట చేర్చాను. ఇలాంటి సరుకుతో ఉన్న చిక్కు ఏమిటంటే, ఒక్కో రాయీ ఒక్కటే ఉంటుంది. పోతే దాని బదులు మరొకటి ఇవ్వలేం. కొనేవారు చేత్తో పట్టుకుని చూసే వీలూ ఉండదు. కాబట్టి మిగతా సరుకుల అమ్మకందారులకు చెప్పే సలహాలు కొన్ని ఇక్కడ పనికిరావు.

ప్రశ్న: నేను నీలాలు సానబట్టి అమ్ముతాను. ఫోన్‌తో ఎంత దగ్గరగా తీసినా రాయి మధ్యలో నల్లగా వస్తోంది. రంగేమో అసలు కంటే ముదురుగా పడుతోంది. "ఫొటోలో చూసింది ఇది కాదు" అని కొందరు తిప్పి పంపేస్తున్నారు. మంచి కెమెరా కొనమంటారా?

అప్పుడే వద్దు. ముందు ఫోన్‌ను వెనక్కి జరపండి. సానబట్టిన రాయి అడుగు పలకలు, అంటే అడుగున కోసిన చదునైన ముఖాలు, అద్దాల్లా పనిచేస్తాయి. పైనుంచి పడిన వెలుతురును మళ్లీ పైకే పంపుతాయి. అంటే రాయికి ఎదురుగా ఏముందో అదే రాయి లోపల కనిపిస్తుంది. ఫోన్‌ను అంగుళం దూరంలో పెడితే ఎదురుగా ఉన్నది నల్లటి ఫోనే! ఆ నలుపే మీ ఫొటోలో పడుతోంది. కనీసం జానెడు, వీలైతే మూరెడు దూరం నుంచి జూమ్ లెన్స్‌తో తీయండి. చాలా ఫోన్లు వస్తువుకు దగ్గరవగానే వాటంతట అవే మాక్రోకు, అంటే మరీ దగ్గరి నుంచి తీసే పద్ధతికి మారిపోతాయి. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి, టైమర్ పెట్టి తీస్తే చెయ్యి వణికిన మసక కూడా ఉండదు.

ఇక రంగు. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోకూ అడగకుండానే మెరుగులు దిద్దుతుంది. భోజనం ఫొటోలకు అది బాగుంటుందేమో గానీ రాళ్లకు చేటు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే అందులో, ఫోన్ మెరుగులు దిద్దని రా ఫార్మాట్‌లో తీయండి. రాయి పక్కన ఒక గ్రే కార్డ్ (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) పెట్టి మొదటి ఫొటో తీయండి. ఎడిటింగ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో ఆ బూడిద రంగు మీద నొక్కితే రంగు తేడా సరి అవుతుంది. అదే సవరణను మిగతా ఫొటోలకూ కాపీ చేయండి. రంగును చిక్కగా చేసే శాచురేషన్ స్లయిడర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఎడిట్ చేసేటప్పుడు మీ స్క్రీన్ మీద నైట్ మోడ్, బ్లూ లైట్ ఫిల్టర్ లాంటివి ఆపేసి ఉంచాలి. లేదంటే లేని పసుపును ఉందనుకుని సరిచేస్తూ పోతారు. ఫైల్‌ను ఎస్‌ఆర్‌జీబీలో, అంటే దాదాపు అన్ని తెరలూ సైట్లూ వాడే మామూలు రంగుల పద్ధతిలో సేవ్ చేయండి. కొన్ని కొత్త ఫోన్లు వాడే, ఇంకా ఎక్కువ రంగులు పట్టే డిస్‌ప్లే పీ3 ఫొటోలను కొన్ని సైట్లు అప్‌లోడ్‌లో సరిగా మార్చవు. అప్పుడు రంగు వెలిసినట్టు కనిపిస్తుంది.

బల్బు కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్‌ఐ అంకె చూడండి. ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. 95, ఆపైన ఉన్నదే తీసుకోండి. దాంతోపాటు, పగటి వెలుగులో ఒకటి, ఇంట్లో వాడే పసుపు రంగు బల్బు వెలుగులో ఒకటి ఫొటోలు పెట్టి, ఏది ఎక్కడ తీసిందో కింద రాయండి. అలెగ్జాండ్రైట్ పగటి వెలుగులో ఆకుపచ్చగా, పాతకాలం ఫిలమెంట్ బల్బు కింద ఎర్రగా కనిపిస్తుందని మీకు తెలిసిందే. అంత కాకపోయినా చాలా నీలాలు దీపం కింద కాస్త మారతాయి. "ఫొటోలో చూసింది ఇది కాదు" అన్నవారిలో కొందరు నిజమే చెప్పి ఉంటారు. వాళ్లు రాయిని రాత్రి పూట విప్పి చూసి ఉండొచ్చు.

చివరగా, వీడియో తప్పనిసరి. రాయిని పట్టకారుతో పట్టి నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ పావు నిమిషం తీస్తే చాలు. బల్బు వెలుగు మినుకుమనడం వల్ల వీడియోలో చారలు పాకుతుంటే షట్టర్ స్పీడ్ మార్చండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120. ఇక్కడ ఒక మాట. అడుగు పలకల వాలు తక్కువైతే వెలుతురు పైకి రాకుండా కిందికి జారిపోయి, రాయి మధ్యలో కిటికీలా పాలిపోతుంది. నీలానికి ఆ హద్దు దాదాపు 34.5 డిగ్రీలు, స్ఫటికానికి 40కి కాస్త పైన. ఆ లోపాన్ని ఒక మంచి కోణంలో తీసి దాచడం సులువే. దాచకండి. కొన్నవారికి పెట్టె విప్పిన క్షణంలోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: జేబులో పట్టే డిజిటల్ త్రాసు ఉంది. 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. చాలదా?

చాలదు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము. మీ త్రాసు ఒక మెట్టు ఎక్కితే 0.05 క్యారెట్ మారిపోతుంది. దాంతో తూచి "2.13 క్యారెట్లు" అని రాస్తే చివరి అంకె ఊహే. 0.001 గ్రాము చూపేది, గాలి తగలకుండా మూత ఉన్నది కొనండి. దాంతో పాటు వచ్చే తూకం రాయితో అప్పుడప్పుడు సరిచూసుకోండి.

ప్రశ్న: వాపసు వచ్చిన రాయి నాది కాదని నా కంటికి తెలుస్తోంది. సైట్ వాళ్లు నమ్మడం లేదు. ఎలా నిరూపించాలి?

చాలా బాధ కలిగించే సంగతి ఇది. పంపే ముందు తీసిన ఫొటోల్లో పెద్ద సైజువి ఏమైనా ఉంటే వెంటనే వెతకండి. వాటిలో రాయి లోపలి చుక్కలు, చారలు కనిపిస్తే వాపసు వచ్చిన రాయిని అదే కోణంలో తీసి పక్కపక్కన పెట్టి పంపండి. ఒకే రంగు, ఒకే సైజు రాళ్లు రెండు దొరకవచ్చు గానీ లోపలి గీతలు ఒకేలా ఉన్నవి దొరకవు.

ఇకపై ప్రతి రాయికీ ఒక ఫోల్డర్ పెట్టుకోండి. అందులో తూకం, డిజిటల్ కాలిపర్‌తో మిల్లీమీటర్లలో కొలిచిన పొడవు, వెడల్పు, ఎత్తు, యూఎస్‌బీ మైక్రోస్కోప్‌తో తీసిన లోపలి ఫొటోలు ఉండాలి. చేత్తో కోసిన రాళ్లలో ఇంకో గుర్తు కూడా ఉంటుంది. పలకలు కలిసే చోట ఎక్కడో ఒక మొన వెంట్రుకవాసి తప్పుతుంది. కోసినవారికి అది లోటుగా కనిపించవచ్చు. కానీ అలాంటి తేడాలన్నీ కలిసి ఆ రాయి వేలిముద్రలా ఉంటాయి. దాన్ని దగ్గరగా ఫొటో తీసి దాచండి. పంపే రోజు త్రాసు మీద పెట్టడం నుంచి పెట్టెకు టేపు అంటించి చిరునామా చూపించే వరకు మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఒరిజినల్ ఫైళ్లు ఫోన్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న కాపీ నలిగిపోయి ఉంటుంది, సాక్ష్యానికి పనికిరాదు.

ఖరీదైన రాయికి ల్యాబ్ రిపోర్ట్ తీసుకోవడం మేలు. రత్నాలను పరీక్షించే జీఐఏ ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్ నంబర్‌ను ఆ సంస్థ సైట్‌లోనే ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయితే నంబర్ సరైనదైనంత మాత్రాన చేతిలో ఉన్న రాయి అదే అయిపోదు. తూకం, కొలతలు కూడా కలవాలి. మీరు కొనేటప్పుడూ ఇదే పద్ధతి.

ప్రశ్న: రాళ్ల వివరణ ఏఐతో రాయించుకోవచ్చా? ఫొటోలు కూడా దాంతో శుభ్రం చేస్తే?

భాష దిద్దించుకోవడానికి వాడండి. వాస్తవాలు మాత్రం మీరే రాయాలి. వినడానికి ఇంపుగా ఉంటుందని ఏఐ "వేడి చేయని సహజ నీలం" అని తనకు తెలియకుండానే రాసేస్తుంది. మీరు చూసుకోకుండా పెడితే అది మీ మాట కిందే లెక్క. వేడి చేయడం, పచ్చల్లో నూనె పట్టించడం, కెంపుల పగుళ్లలో గాజు నింపడం ధరను బాగా మార్చేస్తాయి. తెలిసింది రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి.

ఫొటోలో నేపథ్యంలోని దుమ్ము తుడిస్తే తప్పు లేదు. రాయి లోపలి చుక్క తుడిస్తే అది మోసం. పైగా మీ దగ్గరున్న గుర్తును మీరే చెరిపేసుకున్నట్టు. రాళ్ల కోత డిజైన్ గీసే జెమ్‌క్యాడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గీసిన డిజైన్ బొమ్మ పెట్టినా, అది బొమ్మ అని చెప్పి, అసలు ఫొటో తర్వాతే పెట్టండి.

ప్రశ్న: డబ్బు పంపినట్టు ఈమెయిల్ వచ్చింది. పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయమని కొన్నవారు టెన్షన్ పెడుతున్నారు. పంపనా?

వద్దు. ఆ మెయిల్‌లోని లింక్ నొక్కకుండా, మీ పేమెంట్ ఖాతాను యాప్‌లో నేరుగా తెరిచి చూడండి. అక్కడ లేకపోతే డబ్బు రానట్టే. ఉన్నా కూడా తొందరపడొద్దు. అది దొంగిలించిన కార్డు నుంచి వచ్చి ఉంటే కొన్నాళ్లకు బ్యాంకు మొత్తం వెనక్కి లాక్కుంటుంది. మీరు "తిరిగి" వేసినదీ, రాయీ రెండూ పోతాయి. ఆ లావాదేవీని మొత్తంగా రద్దు చేసి, సరైన మొత్తం మళ్లీ పంపమనండి.

నిజమైన కొనుగోలుదారు విషయంలో కూడా, పేమెంట్ రికార్డులో ఉన్న చిరునామాకే పంపండి. "మా బంధువుల ఇంటికి పంపండి" అని చాట్‌లో అడిగితే ఒప్పుకోవద్దు. చిరునామా మారితే చాలాచోట్ల అమ్మకందారుకు రక్షణ పోతుంది. సంతకం తీసుకునే డెలివరీయే ఎంచుకోండి. కొరియర్ బీమాలో రత్నాలు వర్తిస్తాయో లేదో నిబంధనలు చదవండి. చాలా కంపెనీలు వాటిని మినహాయిస్తాయి. సరుకు చేరేదాకా డబ్బును మధ్యవర్తిగా దాచే ఎస్క్రో సైట్ అంటూ కొనేవారు పంపిన లింక్‌ను అసలు నమ్మకండి.

ప్రశ్న: ఒకే రాయిని రెండు సైట్లలో పెట్టాను. రెండుచోట్లా అమ్ముడైంది!

ముందు కొన్నవారికి ఇచ్చి, రెండోవారికి వెంటనే డబ్బు తిరిగి ఇచ్చేయండి. రెండు సైట్ల స్టాకును కలిపే ప్లగిన్ పెట్టుకుని, ప్రతి రాయికీ రెండుచోట్లా ఒకే కోడ్ ఇవ్వండి. రాళ్లు తక్కువే ఉంటే ఒక్క సైట్‌లోనే అమ్మి, రెండోచోట ఫొటో మాత్రం చూపించడం నయం.

ప్రశ్న: ఇంట్లోనే ఫొటోలు తీస్తాను. భద్రత పరంగా ఏమైనా చూసుకోవాలా?

లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ ప్రతి ఫొటోలోనూ మీ ఇంటి జీపీఎస్ గుర్తును దాస్తుంది. కొన్ని సైట్లు దాన్ని తీసేస్తాయి గానీ, ఒరిజినల్ ఫైల్‌ను మెయిల్‌లో పంపితే అలాగే వెళ్తుంది. కెమెరా యాప్‌కు లొకేషన్ అనుమతి తీసేయండి. పాత ఫొటోలు పంపే ముందు షేర్ ఆప్షన్లలో లొకేషన్ తీసేయండి. మీ అమ్మకాల ఖాతాకూ, దానికి కలిపిన ఈమెయిల్‌కూ టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ అడిగే రక్షణ) పెట్టండి. ఆ కోడ్‌కు ఎస్‌ఎంఎస్ కంటే, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ మేలు.