షెల్టర్ నుంచి తెచ్చిన ఆడకుక్కను రొయ్యల గుంటల దగ్గరకి ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఏడాదిగా షెల్టర్‌లో ఉన్న రెండేళ్ళ నాటు ఆడకుక్కను, మంచి ఇల్లు దొరికేదాకా అని ఒంగోలులో మీ ఇంటికి తెచ్చుకున్నారు. ఫోటోలకి లైకులు వస్తున్నాయి గానీ తీసుకెళ్తామని ఎవరూ రావట్లేదు. కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలున్న ఒకాయన మాత్రం కాపలాకి ఇవ్వమంటున్నారు. ఇంట్లో అమ్మగారు ‘ఇచ్చెయ్యరాదా’ అంటున్నారు.

ఇప్పుడే ఇవ్వకండి. నేను నెల్లూరులో ఇలాగే షెల్టర్ కుక్కల్ని కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకుని, ఇళ్ళు చూసి పంపిస్తుంటాను. గుంటల దగ్గరకి కుక్క కావాలని మాకు ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నుంచి అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. అక్కడ తిండికి లోటుండదు, కాపలా మనిషికి తోడుగా కూడా ఉంటుంది. చిక్కంతా పట్టుబడి, అంటే గుంటలో రొయ్యలు పట్టెయ్యడం, అయ్యాకే వస్తుంది. వనామీ రకం రొయ్యల పంట మూడు నాలుగు నెలలు. రొయ్య పట్టేశాక గుంట ఎండగడతారు, కాపలా మనిషి సొంతూరికి వెళ్ళిపోతాడు, షెడ్డు ఖాళీ అవుతుంది. అంతవరకూ అన్నం పెట్టిన మనిషి పోయాక ఆ కుక్క ఎవరిది? గుంట యజమాని టౌన్‌లో ఉంటాడు. పైగా ఆ చుట్టుపక్కల చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. మనుషులే తాగడానికి క్యాన్లు తెచ్చుకుంటారు, అందులోంచి రోజూ కుక్కకి పొయ్యాలి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు పక్కన గొలుసుతో కట్టేసిన కుక్క ఎలా ఉంటుందో నేను చూశాను. చెప్పడానికి కూడా మనసు రావట్లేదు.

ఆయన్ని ఒక్క మాట అడగండి: ‘పట్టుబడి అయ్యాక కుక్క ఎక్కడ ఉంటుందండీ?’ ‘అక్కడే ఉంటుందిలే’ అంటే మర్యాదగా వద్దని చెప్పండి. ‘మా ఇంటికి తెచ్చుకుంటాం’ అంటే మాత్రం ఆ ఇల్లు వెళ్ళి చూడండి. అల్లూరు వైపు ఒక రైతుకి నేను అలా ఇచ్చాను. వాళ్ళ ఇల్లు గుంటలకి దగ్గరే. కుక్క పొద్దున ఆయన బండి వెనకాల పరిగెత్తుకుంటూ వెళ్తుంది, రాత్రికి ఇంటికొచ్చి వరండాలో పడుకుంటుంది. గుంట ఎండినా దాని ఇల్లు దానికి ఉంది. నేను చూసేది అదే.

ఇక లైకుల సంగతి. షెల్టర్ జాలీ వెనక తీసిన ఫోటో, కింద ‘పాపం, ఎవరైనా ఆదుకోండి’ అని రాస్తే జాలి పడతారు. ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి కావలసింది వేరు. రాత్రి మొరుగుతుందా, ఇల్లు పాడు చేస్తుందా, పిల్లల దగ్గర ఎలా ఉంటుంది, ఇవి తెలియాలి. షెల్టర్‌లో పది కుక్కల అరుపుల మధ్య ఉన్నప్పుడు కనిపించే కుక్క వేరు, ఇంట్లోకి వచ్చాక బయటపడే కుక్క వేరు. మొదటి మూడు నాలుగు రోజులు మంచం కింద దూరి సరిగ్గా తినకపోవచ్చు. కొత్త ఇంటి వేళలు తెలియడానికి మూడు వారాలు, పూర్తిగా మన మనిషి కావడానికి మూడు నెలలు అని ఈ పని చేసేవాళ్ళం లెక్క వేసుకుంటాం. మీ దగ్గర మూడు వారాలు గడిచాయంటే దాని గురించి షెల్టర్ వాళ్ళకన్నా మీకే ఎక్కువ తెలుసు. ఆ తెలిసింది రాయండి. ‘పొద్దున ఆరింటికి, సాయంత్రం ఏడింటికి బయట తిప్పితే ఇంట్లో పోయదు. కుక్కర్ విజిల్‌కి భయపడుతుంది. పిల్లి కనిపిస్తే ఆగదు. పెరుగన్నం ఇష్టం.’ ఇలా. పిల్లి సంగతి దాచకండి. పిల్లి ఉన్న ఇల్లు అక్కడే తప్పుకుంటే అందరికీ మంచిది. తెలుగులో రాయండి, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి.

కానీ నా అనుభవంలో మంచి ఇళ్ళు ఎక్కువగా పోస్టుల వల్ల దొరకలేదు. పశువుల ఆసుపత్రి కాంపౌండర్లు, కుక్కల డాక్టర్ దగ్గర పనిచేసేవాళ్ళు చెప్పిన ఇళ్ళే నిలబడ్డాయి. ఏ ఇంట్లో ముసలి కుక్క ఈ మధ్యే చనిపోయిందో వాళ్ళకి తెలుస్తుంది. ఆ ఇంటివాళ్ళు మొదట ‘ఇంకొద్దండీ, ఆ బాధ మళ్ళీ పడలేం’ అంటారు. తొందరపెట్టకండి. నంబర్ ఇచ్చి రండి. కొన్నాళ్ళకి వాళ్ళే ఫోన్ చేస్తారు. కుక్కతో ఎంత పని ఉంటుందో వాళ్ళకి తెలుసు, అందుకే చిన్న కుక్కపిల్ల కన్నా పెరిగిన కుక్కే నయమని ఒప్పుకుంటారు.

మీకు ఎక్కువగా వినిపించబోయే మాట ‘ఆడకుక్కైతే మాకొద్దమ్మా, ఈనితే పిల్లల్ని ఎవరు చూస్తారు?’ దీనికి వాదించి లాభం లేదు, ఆపరేషన్ కాగితం చూపించడమే. ఆపరేషన్ అయితే ఇక ఎదకు రాదు, గేటు దగ్గర మగకుక్కలు చేరవు, వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే జబ్బూ రాదు. చెవి కొస కత్తిరించి ఉంటే అదేదో రోగం అనుకుంటారు. ఆపరేషన్ అయిందని తెలియడానికి పెట్టే గుర్తు అని ముందే చెప్పండి. ఒకవేళ ఇంకా చేయించకపోతే, చేయించాకే ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

టీకాల పుస్తకం, డాక్టర్ చీటీలు ఒక కవర్లో పెట్టి కుక్కతో పాటు ఇవ్వాలి. రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పనిసరి. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు, కొత్త ఇంటివాళ్ళకి ఆ తేదీ చెప్పి ఉంచండి. మన వైపు గోమార్ల (కుక్క ఒంటికి పట్టి రక్తం పీల్చే పురుగుల) బెడద ఎక్కువ కాబట్టి, కుక్క నీరసంగా ఉన్నా, తిండి మానేసినా గోమారి జ్వరమేమో అని రక్తపరీక్ష చేయించమనండి.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు, కుక్క కావాలని ఫోన్ చేసిన కుర్రాడితో తక్కువ, వాళ్ళమ్మగారితో ఎక్కువ మాట్లాడండి. రోజూ అన్నం కలిపి పెట్టేది ఆవిడే. ఆవిడ ముఖంలో ఇష్టం కనిపించకపోతే, మిగతా అందరూ ఎంత ఉత్సాహంగా ఉన్నా వెనక్కి వచ్చెయ్యండి. అద్దె ఇల్లయితే ఓనర్ నోటి నుంచి మీరే వినాలి. అపార్ట్‌మెంట్లో కుక్కల్ని పెంచకూడదని అసోసియేషన్లు నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు ఉన్నాయి, అయినా ఎదురింటివాళ్ళతో ఒక మాట అని ఉంచడం మంచిది. ‘మేడ మీద ఉంచుతాం’ అనేవాళ్ళకి నేను ఇవ్వను. సంక్రాంతికి ఊరెళ్తే కుక్కని ఎవరు చూస్తారు అని అడగండి. ఆలోచించి జవాబు చెప్పిన ఇల్లయితే ధైర్యంగా ఇవ్వొచ్చు.

ఇంకో సంగతి, కుక్క కాగితాల మీద ఇంకా షెల్టర్‌దే. వాళ్ళకి చెప్పి, వాళ్ళ దత్తత ఫారం మీదే సంతకాలు చేయించండి. పెంచలేకపోతే వేరేవాళ్ళకి ఇవ్వకుండా తిరిగి మీకో షెల్టర్‌కో అప్పగిస్తామని అందులో రాయించండి. తిండీ నీళ్ళూ లేక అల్లాడిపోయే చోట జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. ఇది బెదిరింపుగా కాకుండా, మామూలుగా చెప్పండి.

పంపించేటప్పుడు పొద్దున్నే తీసుకెళ్ళండి, రాత్రికల్లా ఇల్లు కాస్త అలవాటవుతుంది. దీపావళి ముందు రోజుల్లో మాత్రం వద్దు, టపాకాయల మోతకి కొత్తచోట నుంచి పారిపోతాయి. అది పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే ఇవ్వండి. మెడపట్టీ మీద ఫోన్ నంబర్ రాయించండి. తప్పిపోవడాలు ఎక్కువగా మొదటి వారంలోనే జరుగుతాయి, ఆ వారం గేటు లోపల కూడా తాడు వదలొద్దని గట్టిగా చెప్పండి.

అమ్మగారికి మాత్రం ఉన్నమాట చెప్పండి: పెరిగిన నాటు ఆడకుక్కకి ఇల్లు దొరకడానికి నెలలు పట్టొచ్చు. అన్నాళ్ళు మీ ఇంట్లో కుదరదంటే షెల్టర్‌కి ముందే చెప్పి, ఇంకో ఇల్లు తాత్కాలికంగా ఉంచుకునేలా చూడమనండి. ఒంగోలులోనే వెతకాలని లేదు, కావలి, నెల్లూరు కూడా చూడండి. ఇటువైపు ఎవరైనా అడిగితే, ఇల్లు చూడ్డానికి మీరు 120 కిలోమీటర్లు రానక్కర్లేదు. ఇక్కడే కింద రాయండి, నేను వెళ్ళి చూసి, ఆ ఇంటి అమ్మగారితో మాట్లాడి మీకు చెప్తాను.