ఆయన కావాలని చేస్తున్నారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నంద్యాల దగ్గర ఊరు. మా ఆయనకు 38 ఏళ్లు, ఎరువుల కొట్టు ఉంది. పోయినేడు బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలింది, ఐసీయూలో పెట్టారు. ఇప్పుడు బాగానే నడుస్తారు, మాట్లాడతారు, పాత బాకీలన్నీ నోటికి చెబుతారు. కానీ మనిషి మారిపోయారు. కొట్టుకొచ్చిన రైతుల మీద అరుస్తారు. మా పెదనాన్న పోతే పలకరింపుకి వచ్చి అందరి ముందూ పకపకా నవ్వారు. ఈమధ్య నా మీద చెయ్యెత్తబోయారు కూడా. స్కానింగులో ఇప్పుడేమీ లేదన్నారు. 'పెళ్లాం అలుసిచ్చింది, అందుకే ఈ పొగరు' అంటారు అత్తగారు. ఆయన నిజంగా కావాలనే చేస్తున్నారా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు. కానీ తలకు దెబ్బ తగిలినవాళ్ల భార్యలు నా దగ్గరికొచ్చి చెప్పేవి సరిగ్గా ఇవే మాటలు. ఇది పొగరని నేననుకోవడం లేదు. మీ అలుసు అసలే కాదు.

నుదుటి వెనక, కళ్లకు కాస్త పైన ఉండే మెదడు భాగం నోటిదాకా వచ్చిన మాటను ఆపుతుంది, ఎదుటివాళ్ల ముఖం చూసి మన తీరు మార్చుకునేలా చేస్తుంది. దాని కిందుండే ఎముక గరుకుగా ఉంటుంది. తల గట్టిగా అదిరితే, పుర్రె పగలకపోయినా ఆ భాగం ఎముకకు రాసుకుని దెబ్బతినవచ్చు. పాత జ్ఞాపకాలూ మాటా ఎక్కువగా వేరే భాగాల మీద ఆధారపడతాయి కాబట్టి బాకీలు గుర్తుంటాయి, రైతు ముందు నోరు మాత్రం ఆగదు. ఇలాంటి దెబ్బలు సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనబడవు కూడా.

మేం సైకాలజిస్టులం చేసే ఒక పరీక్ష చెబుతాను. 'ఎరుపు' అనే మాటను నీలి సిరాతో రాసి చూపిస్తాం. మాట చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లలో కొందరు గబుక్కున 'ఎరుపు' అనేస్తారు. ఏం చెప్పాలని అడిగితే 'రంగు చెప్పాలి' అని సరిగ్గానే అంటారు, తర్వాతి కార్డు మళ్లీ చదివేస్తారు. 'తెలిసి కూడా చేస్తున్నాడు' అని ఇంట్లోవాళ్లు కోప్పడేది ఇక్కడే. తెలియడం వేరు, ఆపుకోగలగడం వేరు.

మనిషి ప్రవర్తనకు కారణాన్ని మెదడులో, హార్మోన్లలో, జన్యువుల్లో వెతకడాన్ని సైకాలజీలో జీవశాస్త్ర దృక్పథం అంటాం. దానికి పాఠ్యపుస్తకాలు తరచూ చెప్పే ఉదాహరణ ఫినియస్ గేజ్. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలు మార్గం కోసం బండలో పేలుడు మందు కూరుతుండగా పేలింది. మూడున్నర అడుగులకు పైగా పొడవు, 6 కిలోల బరువున్న ఇనుప కడ్డీ అతని ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తి మీదుగా బయటికి పోయింది. అయినా ఆ పాతికేళ్ల మేస్త్రీ ఎద్దుబండిలో కూర్చుని ఊళ్లోకొచ్చాడు. తర్వాత బూతులు మాట్లాడటం, ఏ పనిమీదా నిలవకపోవడం మొదలైంది. 'ఇతను మన గేజ్ కాడు' అని స్నేహితులు అన్నారని వైద్యం చేసిన డాక్టర్ హార్లో 1868లో రాశారు.

చాలా పుస్తకాలు కథను అక్కడే ఆపేస్తాయి. నాకది అన్యాయం అనిపిస్తుంది. గేజ్ 1852లో చిలీ వెళ్లి, అక్కడ కొన్నేళ్లు గుర్రపు బగ్గీ తోలాడు. ప్రయాణికులతో మర్యాదగా ఉండకపోతే, వేళకు బయల్దేరకపోతే ఆ ఉద్యోగం నిలవదు. రోజూ ఒకే వేళ, ఒకే రకం పని ఉండటమే అతన్ని నిలబెట్టిందని అతని జీవితాన్ని లోతుగా పరిశోధించిన మాల్కమ్ మెక్‌మిలన్ వాదన. నేను దాన్ని నమ్ముతాను, నా దగ్గరికొచ్చేవాళ్లకూ అదే చెబుతాను.

అందుకని ఆయనకు రోజంతా ఒకే పద్ధతిలో నడిచేలా చూడండి. కొట్టులో జనం తక్కువుండే పొద్దుటి పూట ఆయన్ని కూర్చోబెట్టి, సీజన్ రద్దీలో ఇంకొకర్ని పెట్టండి. అప్పులు, చెక్కులు కొన్నాళ్లు మీ చేతిలో ఉండాలి. కోపంలో ఉన్నప్పుడు వాదించకండి, గొంతు పెంచకుండా మాట మార్చండి. నిద్ర చెడకూడదు, మద్యం ముట్టకూడదు. న్యూరాలజిస్టుకు చూపించి న్యూరోసైకాలజీ పరీక్షలు (పైన చెప్పిన సిరా రంగు పరీక్షలాంటివి) అడగండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇవి చేస్తారు. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టర్ నోటితో వింటే మీ మీద నింద తగ్గుతుంది. ఫిట్స్ వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గేజ్ 1860లో చనిపోయింది ఫిట్స్ వచ్చే.

చెయ్యెత్తబోయారని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు దానిగురించే ఎక్కువ దిగులుగా ఉంది. కారణం మెదడులో ఉన్నంతమాత్రాన మీరు దెబ్బలు తినక్కర్లేదు. అలాంటప్పుడు పిల్లల్ని తీసుకుని పక్కింటికో పుట్టింటికో వెళ్లిపోండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. తర్వాత డాక్టర్‌కు ఆ సంగతి దాచకుండా చెప్పండి, దానికీ వైద్యం ఉంది. మీ మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.