చీటీ పాడి 90 వేలు కట్టే ముందు

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు. చిల్లరంగడి పెట్టుకుని బతుకుతున్నాం. మా పాప ఇక్కడే ఎంబీఏ హెచ్‌ఆర్ చేసింది. రెండేళ్లుగా పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ అసిస్టెంటు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్లీ ఇంటికొచ్చేది రాత్రికే. చేతికి 17,500 వస్తుంది. హాజరు, ఐడీ కార్డులు, కొత్తగా చేరేవాళ్ల ఫారాలు, క్యాంటీన్ టోకెన్లు, ఇదే పని. ఇట్లే ఉంటే ఎదుగుదల లేదని, ఉద్యోగం మాని బెంగళూరులో మూడు నెలల హెచ్‌ఆర్ ట్రైనింగ్ తీసుకుంటానంటోంది. ఫీజు 90 వేలు, హాస్టలు వేరే. వంద శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. చీటీ పాడి కట్టేద్దామనుకుంటున్నా. ఇంకో మాట, సంబంధాలు కూడా చూస్తున్నాం. రేపు పెళ్లయి వేరే ఊరికి పోతే ఇదంతా పనికొస్తుందా?
- ఒక తండ్రి, అనంతపురం

జవాబు:

అన్నా, చీటీ ఇప్పుడే పాడొద్దు. పాప చేత ఉద్యోగమూ మాన్పించొద్దు. శిక్షణ అక్కర్లేదని కాదు నేను చెప్పేది, చాలానే కావాలి. కానీ తనకు ఇప్పుడు కావాల్సినదాంట్లో ఎక్కువ భాగం ఆ ఫ్యాక్టరీలోనే ఉంది. లెక్క చూడండి: ఫీజు 90 వేలు, మూడు నెలలు పోయే జీతం 52,500. హాస్టలు, తిండి కలపకముందే 1,42,500 అయింది. అంత పెట్టి తిరిగొచ్చాక ఇంటర్వ్యూలో మొదట అడిగేది "ఉన్న ఉద్యోగం ఎందుకు మానేశారు?" అనే.

హాజరు చూడటాన్ని మీరూ పాపా చిన్న పని అనుకుంటున్నారు. జీతాల లెక్క మొదలయ్యేది అక్కడే. ఎవరు ఎన్ని రోజులొచ్చారు, ఎవరికి ఎన్ని గంటల ఓటీ (ఓవర్‌టైమ్), ఎవరిది ఏ సెలవు అన్నదంతా పాప చేతి మీదుగానే పోతోంది. నెలాఖరుకు ఆ షీటు పేరోల్, అంటే జీతాల లెక్క, చూసేవాళ్లకు ఇచ్చేసి తను పక్కకు తప్పుకుంటోంది. అక్కడ తప్పుకోవద్దని చెప్పండి. "సార్, ఈ నెల జీతాలు వేసేటప్పుడు నేనూ పక్కన కూర్చుంటా" అని అడగమనండి. నెలాఖరులో పేరోల్ వాళ్లకు ఊపిరి సలపదు. సాయం చేస్తానంటే కాదనేవాళ్లు తక్కువ.

ముందు తన జీతాన్నే కాగితం మీద కట్టి చూసుకోవాలి. చేతికి 17,500 ఎట్లా వచ్చిందో పైసాతో సహా చెప్పగలగాలి. పీఎఫ్‌కు ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం. యజమాని వాటాలో 8.33 శాతం పింఛనుకు పోతుంది, మిగిలిన 3.67 పీఎఫ్‌లో పడుతుంది. పింఛను భాగాన్ని లెక్కేసేది 15,000 జీతం వరకే. 21,000 లోపు జీతమైతే ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉంటుంది, ఉద్యోగి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25. మన రాష్ట్రంలో వృత్తి పన్ను 15,000 దాటితే నెలకు 150, 20,000 దాటితే 200. పీఎఫ్ డబ్బు తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టేయాలి. నా దగ్గరికొచ్చే ఎంబీఏ పిల్లల్ని ఇది అడిగితే చాలామంది 12 శాతం దగ్గరే ఆగిపోతారు. తడుముకోకుండా చెప్పేవాళ్లకు పని దొరకదన్న బెంగ ఉండదు.

కొత్తగా చేరేవాళ్ల ఫారాల సంగతికొద్దాం. మన పల్లెల నుంచి వచ్చే పిల్లల కాగితాలు చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అదే ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. పుట్టిన తేదీ బడిలో రాసుకున్నది ఒకటి, ఆధార్‌లో ఒకటి. చేరిన రోజే ఇది పట్టుకుని సరిచేస్తే పది నిమిషాల పని. పట్టుకోకపోతే, కొన్నేళ్ల తర్వాత ఆ మనిషి చెల్లెలి పెళ్లికని పీఎఫ్ తీసుకోబోయినప్పుడు క్లెయిమ్ తిరిగొస్తుంది. ఆపైన జాయింట్ డిక్లరేషన్లు (వివరాలు దిద్దమని ఉద్యోగి, కంపెనీ కలిసి రాసిచ్చే కాగితాలు), ఆఫీసు చుట్టూ తిరగడాలు. నామినీ పేరు ఎక్కించకుండా వదిలేసిన మనిషికి ఏదైనా జరిగితే, చంకలో బిడ్డతో ఆ ఇల్లాలు తిరగాల్సి వస్తుంది. హెచ్‌ఆర్‌లో మంచి పనంటే మొట్టమొదట ఇదేనని నా గట్టి నమ్మకం. పాప ఇప్పుడు చేస్తున్నది ఈ పనే. ఎట్లా చేస్తోందన్నదే తేడా.

ఇంకో పెద్ద సంగతి. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, పనిచేసే చోట భద్రత-ఆరోగ్యం, ఈ నాలుగింటిలోకి 29 పాత చట్టాలను కుదించారు. పాప ఎంబీఏలో చదివింది పాత చట్టాలే అయ్యుంటుంది. ఇరవై ఏళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్న మేనేజరు కూడా ఇప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్లూ పాపా ఒకే గీత మీద ఉన్నారు, కాబట్టి రెండేళ్ల అనుభవం ఉన్న పిల్లకు ఇంతకు మించిన అదను రాదు.

ఒక లెక్కతో చెప్తా. ఒకరి జీతం 20,000. బేసిక్ (మూల జీతం) 7,000 పెట్టి మిగతా 13,000 రకరకాల అలవెన్సులుగా చూపించారు. కొత్త నిర్వచనంలో, వేతనం కిందికి రాని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటకూడదు. దాటిన 3,000 మళ్లీ వేతనంలో కలుస్తుంది. అంటే వేతనం 10,000 అవుతుంది. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా పట్టి కడతారు. అయిదేళ్లు చేసి మానేసిన మనిషికి 7,000 మీద అయితే 20,192 రూపాయలు, 10,000 మీద అయితే 28,846. ఎనిమిదిన్నర వేల పైచిలుకు తేడా. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. మానేసినవాళ్ల లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. ఇవన్నీ చేసేది హెచ్‌ఆర్‌లో కింది వరుసలో ఉన్న పాపలాంటివాళ్లే. కోడ్‌ల పూర్తి పాఠం కేంద్ర కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. వేతనాల కోడ్ అన్నిటికన్నా చిన్నది, దాంతో మొదలుపెట్టమనండి. బస్సులో పోయేంతసేపు రోజూ నాలుగు సెక్షన్లు చదివినా నెలలోపే ఆ కోడ్ చేతికొస్తుంది.

ఎక్సెల్ గురించి చెప్పకుండా ఉండలేను, కానీ దానికోసం కోర్సు కట్టక్కర్లేదు. పాప దగ్గర రెండేళ్ల హాజరు పట్టీ ఉంది కదా. మేనేజరును అడిగి దాన్ని ఒక్క షీటులో పెట్టి పివట్ టేబుల్ (నెలలవారీగా, లైన్లవారీగా మొత్తాలు చూపే పట్టిక) తీయమనండి. ఏ నెలలో నాగాలు ఎక్కువ? ఏ లైనులో? ఏ బస్సు రూటులో? వేరుశనగ విత్తే కాలంలో పల్లెల పిల్లలు పొలానికి పోతారు. కదిరి తేరప్పుడు ఆ వైపు బస్సులో సగం సీట్లు ఖాళీ. ఇవి మనకు తెలిసిన విషయాలే. బయటి నుంచి వచ్చిన మేనేజరుకు తెలియవు. వీటిని అంకెల్లో పెట్టి, ఒక్క పేజీలో, "ఫలానా వారాల్లో ఈ లైనుకు ముందే మనుషుల్ని సర్దుకుంటే ఓటీ తగ్గుతుంది" అని రాసిస్తే, ఆ కాగితం ప్రొడక్షన్ మేనేజరు దాకా పోతుంది. అంతవరకూ ఐడీ కార్డుల అమ్మాయి అన్నవాళ్లు పేరుతో పిలుస్తారు.

దాంతోపాటు రోజూ ఒక అరగంట షాప్‌ఫ్లోర్ మీద, అంటే యంత్రాలు నడిచే చోట, తిరగాలి. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మడకశిర, హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్లు కన్నడం మాట్లాడతారు, కాంట్రాక్టు కూలీల్లో హిందీవాళ్లుంటారు. పనికి సరిపడా హిందీ, కన్నడం నేర్చుకుంటే ఏ సర్టిఫికెట్టూ ఇవ్వని బలం వస్తుంది. ఆడపిల్లలు పనిచేసే చోట 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం హెచ్‌ఆర్‌కు కంఠతా రావాలి. పదిమంది, అంతకు మించి ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత మహిళదే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు. లైన్లో పనిచేసే అమ్మాయి ఏడుస్తూ వచ్చి మొదట చెప్పుకునేది మీ పాపకే కావచ్చు. ఆ రోజు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

ఇక శిక్షణ ఇచ్చే పని. మన దేశంలో ఉద్యోగుల అభివృద్ధికంటూ ప్రత్యేక విభాగాన్ని 1970ల మధ్యలో ఎల్ అండ్ టీలో మొదలుపెట్టడానికి దారి చూపినవాళ్లు ఉదయ్ పారీక్, మన తెలుగువారు టి.వి.రావు. హెచ్‌ఆర్ అంటే హాజరు, క్రమశిక్షణ మాత్రమే కాదు, మనుషుల్ని పైకి తేవడం అని వాళ్లు నిలబెట్టారు. కొత్తవాళ్లకు చేరిన రోజు చెప్పే పాఠం ఉంటుంది కదా, అందులో ఒక గంట తనకిమ్మని పాప అడగాలి. చెప్పాక సంతకాలు తీసుకోవడంతో సరిపెట్టొద్దు. అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లు చెప్పాడు: విన్నవాళ్లకు నచ్చిందా, వాళ్లు నేర్చుకున్నారా, పనిలో మారారా, కంపెనీకి ఫలితం కనిపించిందా. చెవులకు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోమని చెప్పిన నెల తర్వాత లైను దగ్గరికి పోయి ఎంతమంది పెట్టుకున్నారో లెక్కపెడితే, అది మూడో మెట్టు. మన ఫ్యాక్టరీల్లో ఎక్కువ ట్రైనింగులు మొదటి మెట్టు దాటవు.

ఇప్పుడు కోర్సుల మాట. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలైన స్వయం, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకులు చెప్పే హెచ్‌ఆర్ పాఠాలు ఉచితం. ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు కట్టేది 1,000 రూపాయలు. మొదటి ఖర్చు అక్కడే పెట్టమనండి. ఇగ్నోలో హెచ్‌ఆర్‌ఎం డిప్లొమా మంచిదే, కానీ ఎంబీఏ హెచ్‌ఆర్ చేసిన పాపకు అది మళ్లీ అదే పాఠం. ట్రైనింగ్ వైపు మనసు పోతే ఢిల్లీలోని ఐఎస్‌టీడీ (శిక్షణ రంగంవాళ్ల సంఘం) వాళ్ల డిప్లొమా ఉంది. అమెరికా హెచ్‌ఆర్ సంఘం ఎస్‌హెచ్‌ఆర్‌ఎం ఇచ్చే సర్టిఫికెట్‌కు డాలర్లలో కట్టాలి. అది పెద్ద కంపెనీలోకి మారాక, వీలైతే కంపెనీ డబ్బుతో చేయాల్సింది. చట్టం వైపు ఇష్టం కలిగితే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. కానీ దానికి తరగతులకు హాజరు కావాలి, కంపెనీ బస్సు ఉద్యోగంతో కుదరదు. "పోకుండానే పాస్ చేయిస్తాం" అనేవాళ్ల మాట వినొద్దు. వెల్ఫేర్ ఆఫీసరు (కార్మికుల సంక్షేమం చూసే అధికారి) పోస్టు కూడా గుర్తుంచుకోండి. పాత ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది కార్మికులుంటే ఆ ఆఫీసరు ఉండాలి, కొత్త కోడ్‌లో అది 250కి దిగింది. దానికి ఏ చదువు చెల్లుతుందో రాష్ట్ర నియమాలు చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

ఇదంతా విన్నాక కూడా పాప బెంగళూరు కోర్సే కావాలంటే, ముందు ఆ సంస్థ వాళ్లను కొన్ని అడగండి. పీఎఫ్ రిటర్ను, ఈఎస్‌ఐ చలానా నిజంగా పోర్టల్‌లో చేయిస్తారా, లేక తెర మీద బొమ్మలు చూపిస్తారా? పోయిన బ్యాచ్‌లో చేరిన అయిదుగురితో మాట్లాడనిస్తారా? ఉద్యోగం రాకపోతే ఎంత, ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో కాగితం మీద రాసిస్తారా? వంద శాతం అన్నవాళ్లు ఈ మూడో ప్రశ్నకు తడబడితే మీకు జవాబు దొరికినట్టే. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. వారాంతాల్లో ఆన్‌లైన్‌లో, ఉద్యోగం మానకుండా, పది పదిహేను వేలలో పేరోల్ నేర్పేవాళ్లు దొరికితే అప్పుడు ఆలోచించొచ్చు, అదీ ఆరు నెలలు లోపలి పని నేర్చుకున్నాక.

పెళ్లి సంగతి అడిగారు. పేరోల్, చట్టం తెలిసిన మనిషికి ఊరు మారినా పని మారదు. బెంగళూరుకు పోతే అక్కడ వృత్తి పన్ను 25,000 లోపు జీతానికి లేదు, హైదరాబాద్‌కు పోతే అక్కడి షాపుల చట్టం వేరు. ఇట్లాంటివి వారంలో పట్టుబడతాయి. పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ దేశమంతా ఒకటే. అయితే సంబంధం మాట్లాడేటప్పుడే "పాప ఉద్యోగం చేస్తుంది" అని మీ నోటితో చెప్పండి. తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే ఏళ్ల కష్టం ఇంట్లో బీరువాలో పడుతుంది. మీరు చీటీ పాడైనా చదివించాలనుకునే తండ్రి, ఆ మాట అడగడం మీకు కష్టం కాదు.

ఉత్తరం మీరు రాశారు, పాప ఏమనుకుంటోందో మీ మాటల్లోనే తెలిసింది. ఈసారి తననే రాయమనండి. అపాయింట్‌మెంట్ లెటరు, పోయిన మూడు నెలల పే స్లిప్పులు దగ్గర పెట్టుకుని, తన జీతం లెక్క తనే కట్టి పంపమనండి. తప్పులుంటే దిద్ది పంపుతా. పేరోల్ వాళ్లు పక్కన కూర్చోబెట్టుకోనంటే అది కూడా రాయమనండి. అప్పుడు మేనేజరుకు ఏం రాయాలో, ఆ చుట్టుపక్కల వేరే ఏ రకం ఫ్యాక్టరీల్లో ప్రయత్నించాలో చెప్తా.